తడి గడ్డి మీద

ఒక జూలై తెల్లవారుజామున, ఇంకా ఆరు కూడా కాకముందు, ఫోన్ మోగింది. హబ్సిగూడలో రాత్రంతా వాన కురిసింది. కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, చివరికి పోయింది. చీకట్లోనే ఫోన్ వెతుక్కుని తీశాను.

"అమ్మా, ముందే చెప్తున్నా, నాకేం కాలేదు," అంది మా అమ్మాయి.

ఆ మాట వింటే ఏ తల్లికైనా ఏదో అయిందనే అర్థమవుతుంది. న్యూజీలాండ్‌లో అప్పటికి మధ్యాహ్నం. పైలట్ శిక్షణకని వెళ్ళి ఎనిమిది నెలలైంది. ఆ రోజు ఒక్కతే సెస్నా 172 తీసుకుని, గడ్డి రన్‌వే ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో దిగబోయింది. అక్కడ అది చలికాలం, అప్పుడే జల్లు కురిసి వెలిసింది. విమానం ఆగకుండా జారిపోయి, రన్‌వే చివర దాటి, ముందు చక్రం మురుగు కాలవలోకి దిగబడింది. ప్రొపెల్లర్ వంగిపోయింది. తను బెల్టు విప్పుకుని, తలుపు తీసుకుని, నడిచి బయటికొచ్చింది.

నేనన్న మొదటి మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. "చాలమ్మా, ఇంక వచ్చెయ్. నీకెందుకు ఈ విమానాలు," అన్నాను.

ముప్ఫై ఏళ్ళు మహిళా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని. స్త్రీల మీద వ్యాసాలు రాసినదాన్ని, సభల్లో మాట్లాడినదాన్ని. నా నోట్లోంచి వచ్చింది మా నాయనమ్మ మాట. పక్కనే లేచి కూర్చున్న మా ఆయన ఫోన్ అందుకుని, "దెబ్బలేం తగల్లేదుగా? ఏదైనా తిన్నావా?" అని అడిగాడు. నేను అడగవలసిన ప్రశ్నలు అవి.

సాయంత్రానికి విషయం బంధువులందరికీ చేరింది. చిన్నాడపడుచు ఫోన్ చేసి, "ఏదో సంబంధం చూసెయ్యక, ఇంకా ఎందుకు వదినా," అంది. మా మరిది, "ఇప్పటికి ఎంత పోశారు?" అని లెక్క అడిగాడు. మర్నాడు ఉస్మానియా క్యాంపస్‌లో నడుస్తుంటే రోజూ కలిసే ఒకాయన ఆగి మరీ సలహా చెప్పాడు. "ఆడపిల్లలకి మెషీన్ల మీద ఆ పట్టు రాదు మేడమ్. తెలివి లేక కాదు," అన్నాడు. ఆయన రిటైర్డ్ ప్రొఫెసరు.

మా అన్నయ్య కొడుకు మూడేళ్ళ కిందట ఔటర్ రింగ్ రోడ్డు మీద కొత్త కారుని డివైడర్‌కి కొట్టాడు. కారు తుక్కయింది. అప్పుడు ఇదే బంధువర్గం ఏమందో నాకు బాగా గుర్తుంది. "ప్రాణం దక్కింది, కారుదేముంది, ఇంకోటి కొనుక్కోవచ్చు." మగపిల్లలకి డ్రైవింగ్ మీద పట్టు రాదని ఎవరూ అనలేదు. వాడి తప్పు వాడిదే అయింది. మా అమ్మాయి తప్పు మాత్రం ఆడపిల్లలందరిదీ అయింది.

అసలేం జరిగిందో తెలుసుకోవాలని కూర్చున్నాను. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. అయినా తను వాట్సాప్‌లో చెప్తుంటే పాత నోట్‌బుక్ తీసి రాసుకున్నాను. అలాంటి విమానం, గాలి లేనప్పుడు, పొడిగా ఉన్న గట్టి రన్‌వే మీద దిగితే, యాభై అడుగుల ఎత్తు నుంచి పూర్తిగా ఆగేదాకా సుమారు 400 మీటర్లు కావాలి. గడ్డి తడిసి ఉంటే అది 35 శాతం పెరుగుతుంది. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ చిన్న విమానాల పైలట్ల కోసం వేసిన కరపత్రంలో ఈ లెక్క ఉంది. గడ్డి మరీ పొట్టిగా ఉండి జారుడుగా ఉంటే 60 శాతం దాకా పెరగవచ్చని కూడా ఉంది. బ్రేకు గట్టిగా నొక్కితే చక్రం తిరగడం మానేసి తడి గడ్డి మీద జారుతుంది. మనం తడి నాపరాళ్ళ మీద చెప్పులతో జారినట్టే.

400 మీటర్లు 540 అయ్యాయి. ఆ రోజు తను ఉండవలసిన దానికంటే పది శాతం ఎక్కువ వేగంతో వచ్చింది. పది శాతం వేగానికి ఇరవై శాతం దూరం పెరుగుతుంది, ఎందుకంటే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 648. జల్లుతో పాటు గాలి దిశ మారి వెనక నుంచి వీచింది. దిగే వేగంలో పదో వంతు వెనక గాలికి ఇంకో ఇరవై శాతం. 778. పైగా అనుకున్నచోట కాకుండా వంద మీటర్లు ముందుకెళ్ళి నేల తాకింది. 878. రన్‌వే పొడవు 800 మీటర్లు.

ఆ కూడిక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇందులో ఆడతనం ఎక్కడా లేదు. నీళ్ళు, గడ్డి, గాలి, వేగం. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. ఇదే లెక్క ఆ రోజు ఏ మగపిల్లాడికైనా ఇలాగే వచ్చేది.

కానీ లెక్క అక్కడితో అయిపోలేదు. నాలుగో రోజు రాత్రి తనే ఫోన్ చేసింది.

"అమ్మా, నిజం చెప్పనా? నేల తాకకముందే తెలిసింది, ఆగదని."

అలాంటప్పుడు ఏం చెయ్యాలో వాళ్ళకి మొదట్లోనే నేర్పుతారట. ఇంజనుకి పూర్తి పవర్ ఇచ్చి, దిగడం మానేసి, మళ్ళీ పైకి లేచిపోవాలి. గో-అరౌండ్ అంటారు. ఒక చుట్టు తిరిగి మళ్ళీ ప్రయత్నించవచ్చు, లేదా వేరే చోటికి వెళ్ళిపోవచ్చు. అది ఓటమి కాదు, మంచి పైలట్ లక్షణమని పాఠాల్లో చెప్తారు.

"మరి ఎందుకు లేవలేదు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. ఆ రోజు అప్పటికే రెండుసార్లు లేచిందట. రేడియోలో అందరికీ వినిపిస్తుంది. అంతకుముందు వారం క్లాసులో ఒకబ్బాయి, అమ్మాయిలకి నేలంటే భయమని జోక్ వేశాడట. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. "పైగా ప్రతి చుట్టుకీ డబ్బులే కదమ్మా. గంటకెంత పడుతుందని నువ్వు అడుగుతూనే ఉంటావు కదా." ఆ తర్వాత మెల్లిగా, "శంషాబాద్‌లో నువ్వేమన్నావో గుర్తుందా?" అంది.

గుర్తుంది. చెప్పినప్పుడు ఎంత గర్వంగా చెప్పానో కూడా గుర్తుంది. "నువ్వు తప్పు చేస్తే నిన్నొక్కదాన్నే అనరు, ఆడపిల్లలందరినీ అంటారు. వాళ్ళకా అవకాశం ఇవ్వకు," అన్నాను.

"నిన్ను తప్పు పట్టడం లేదమ్మా. అడిగావని చెప్తున్నా," అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ, నా స్నేహితురాళ్ళూ ఆడపిల్లల్ని ఎగరమని చెప్పాం. అది మా తరం గెలుపని అనుకున్నాం. కానీ పడకుండా ఎగరాలని చెప్పాం. మగపిల్లలతో సమానం కాదు, వాళ్ళకంటే రెండింతలు బాగా చెయ్యాలని చెప్పాం. వెనక్కి తగ్గితే నవ్వుతారని హెచ్చరించాం. దిగడం కుదరనప్పుడు దిగకుండా లేచిపోయే ధైర్యం ఆ హెచ్చరిక కింద నలిగిపోతుందని మాకు తట్టలేదు. ఆ బంధువులు నా కూతుర్ని ఆడపిల్లల ప్రతినిధిని చేశారని కోపగించుకున్నాను. వాళ్ళకంటే ముందు ఆ పని చేసింది నేనే.

ఈ బరువు కొత్తది కాదు. మన దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్. ఆమెకు 1947లో లైసెన్సు వచ్చింది. ఎనిమిది ప్రైవేటు విమాన సంస్థలు ఉద్యోగం ఇవ్వలేదు. ఆడమనిషి నడిపితే ప్రయాణికులు భయపడతారన్నది అప్పటి వాదన. చివరికి ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపిన సంస్థ అది. ఉద్యోగం ఇచ్చారు కానీ కో-పైలట్‌గానే ఉంచారు, విమానం పూర్తిగా ఆమె చేతికివ్వలేదు. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచింది.

2008 మార్చి వరకు బేగంపేటకి దిగే విమానాలు మా మేడ మీదికెక్కి ఉత్తరం వైపు చూస్తే కనిపించేవి. మా అమ్మాయికి విమానాల పిచ్చి అక్కడే పట్టింది. అన్నం తినిపించడానికి నేను చూపించిన విమానాలే. ఇప్పుడు ప్రేమ్ మాథుర్ గురించి తలుచుకుంటే పందెం గెలిచిన సంగతి కంటే ఇంకో సంగతి ఎక్కువగా మనసులో మెదులుతుంది. ఎనిమిది సంస్థలు కాదన్నాక దొరికిన ఉద్యోగంలో, ఏ వానాకాలం సాయంత్రమైనా ఒక్క చక్రం రన్‌వే అంచు దాటి ఉంటే? ఆమె ఒక్కతే ఇంటికి పోయేదా, లేక వెనకాల వచ్చేవాళ్ళ దారి కూడా మూసేవాళ్ళా? అలాంటి భయం మెడ మీద పెట్టుకుని విమానం నడపడం ఎలా ఉంటుంది?

ఇంకో ఆమె గురించి కూడా ఆ రోజుల్లోనే చదివాను. బ్రిటన్‌కి చెందిన ఏమీ జాన్సన్. 1930 మే 5న లండన్ దగ్గర క్రాయ్‌డన్ నుంచి జిప్సీ మాత్ అనే చిన్న విమానంలో ఒంటరిగా ఆస్ట్రేలియాకి బయల్దేరింది. కరాచీ, ఝాన్సీ, కలకత్తా మీదుగా బర్మా చేరేసరికి వానలు పట్టుకున్నాయి. రంగూన్‌లో గుర్రప్పందేల మైదానంలో దిగవలసింది, వానలో పొరబడి ఇన్‌సీన్‌లో ఒక సాంకేతిక విద్యాసంస్థ ఆటస్థలంలో దిగింది. విమానం ఆగకుండా పోయి గుంటలో పడింది. రెక్క చిరిగింది, ప్రొపెల్లర్ విరిగింది. మా అమ్మాయి కథే, తొంభై ఏళ్ళకి పైగా ముందు జరిగింది. ఆ సంస్థలోవాళ్ళంతా చేరి బాగు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన విమానం గుడ్డతో కుట్టిన చొక్కాలు చింపి రెక్కకి మాట్లు వేశారు. ప్రొపెల్లర్ తనే ఒకటి అదనంగా వెంట తెచ్చుకుంది. అందుకే నాకు ఆమె నచ్చింది. పడతానని ముందే ఒప్పుకుని బయల్దేరిన మనిషి. మే 24న డార్విన్ చేరింది. అయిదు రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో, వేలమంది చూస్తుండగా, దిగే చోటు దాటిపోయి విమానం తలకిందులైంది. అయినా చరిత్రలో ఆమె ఆస్ట్రేలియాకి ఒంటరిగా ఎగిరిన మొదటి మహిళగానే నిలిచింది.

ఇన్‌సీన్ అనే పేరు నేను అంతకుముందే విన్నాను. మా అమ్మమ్మ పుట్టిందక్కడే. మావాళ్ళు రంగూన్ అనరు, రంగం అనేవాళ్ళు. కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి వేలమంది రంగం వెళ్ళి రేవుల్లో, మిల్లుల్లో, రైల్వేలో పని చేశారు. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలు అని పిలిచేవాళ్ళు. ఏమీ జాన్సన్ దిగిన ఆ మే నెలలోనే రంగూన్ రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. వాళ్ళ బదులు పెట్టుకున్న బర్మా కూలీలకీ, వీళ్ళకీ మే 26న గొడవ మొదలై ఊళ్ళో మారణకాండ జరిగింది. వందమందికి పైగా చనిపోయారు. అమ్మమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. విమానం గురించి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. తలుపులు బిగించుకుని, బియ్యం నానబెట్టుకు తింటూ ఇంట్లో కూర్చున్న రోజుల గురించి చెప్పింది. 1942లో పసిపిల్లని చంకన వేసుకుని కొండలు దాటి నడిచొచ్చిన సంగతి చెప్పింది.

ఇది రాయడానికి కారణం ఉంది. ఏమీ పడితే లేపడానికి ఊరంతా చేరింది. ఆమె వెనక ఒక సామ్రాజ్యం ఉంది, డబ్బు పెట్టే పెద్దమనుషులున్నారు. అదే నెలలో, అదే చోట, కూలి చేసుకునే తెలుగు ఆడవాళ్ళకి ఒక్కసారి కాలు జారితే మళ్ళీ లేచే దారి లేదు. పొరపాటు చేసి కూడా మిగలడం అందరికీ సమానంగా దొరకదు. ఆడవాళ్ళలో కూడా.

నాకు మా కాలేజీలో చదివిన ఒకమ్మాయి గుర్తొస్తుంది. భువనగిరి వైపు పల్లె నుంచి వచ్చింది. వాళ్ళింట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. బి.ఎస్సీ. రెండో ఏడు కెమిస్ట్రీ పేపరు పోయింది. ఒక్కటే పేపరు. సప్లిమెంటరీ రాస్తే సరిపోయేది. ఫలితాలు వచ్చిన పదిహేను రోజులకి పెళ్ళి కార్డు పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చింది. "పాసయితే చదివిస్తానన్నారు మేడమ్. పోయింది కదా," అంది. తప్పు చేసినదానిలాగా తల వంచుకుని చెప్పింది. ఆ ఏడు ఆ పిల్ల రోజుకి నాలుగు గంటలు బస్సుల్లో గడిపింది. ఇంట్లో తల్లికి జబ్బు చేస్తే వంట తనే చేసింది. ఆ పేపరు ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. "నువ్వు తెలివైనదానివి, ఎలా ఫెయిలయ్యావమ్మా," అన్నాను. అది ప్రశ్న కాదు, నింద.

విమాన ప్రమాదాల విషయంలో మాత్రం లోకం ఒక మంచి పద్ధతి పెట్టుకుంది. అంతర్జాతీయ పౌర విమానయాన ఒప్పందానికి 13వ అనుబంధం ఉంది. 1951లో మొదటిసారి ఆమోదించారు. ప్రమాద విచారణ ఉద్దేశం మళ్ళీ అలాంటివి జరగకుండా చూడడమే, నింద వెయ్యడం కాదు అని అందులో స్పష్టంగా ఉంది. ఎవరు చేశారు అన్నది పక్కన పెట్టి ఏమేం కలిసొచ్చాయి అని వెతుకుతారు. గాలి, గడ్డి, వేగం, అలసట, శిక్షణ, భయం. ఆకాశంలో ఎగిరే యంత్రానికి ఇచ్చిన ఈ మర్యాదని మనం ఇళ్ళల్లో ఒక ఆడపిల్లకి ఇవ్వలేమా? పరీక్ష పోయినా, పెళ్ళి విడిపోయినా, ఉద్యోగం మానేసినా, మన ఇళ్ళల్లో విచారణ ఉండదు. తీర్పు ఒక్కటే ఉంటుంది.

మా అమ్మాయి కూడా ఒక నివేదిక రాయవలసి వచ్చింది. పైకి లేవాలన్న నిర్ణయం ఎందుకు తీసుకోలేదో రాయమన్నారు. రాస్తూ రాస్తూ నాకు ఫోన్ చేసింది. "అమ్మా, మొహమాటాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?"

ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని, నాకు మాట దొరకలేదు. నాకు తెలిసిన మాటలన్నీ వరసగా చెప్పాను. బిడియం అన్నట్టుంది ఒకటి, సిగ్గన్నట్టు ఇంకొకటి. ఏదీ అది కాదు. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని మన మేలు మనమే వదులుకునే ఆ గుణాన్ని ఎలా చెప్పాలి? ఆడపిల్లకి మొహమాటం ఉండాలని నేర్పుతాం, ఉంటే మంచిపిల్ల అంటాం. అరవై నాట్ల వేగంతో నేల మీదికి వస్తున్నప్పుడు కూడా అది ఉంటుందని ఎవరం అనుకుంటాం? చివరికి తను, ఆ రోజు మూడోసారి లేస్తే అందరూ ఏమనుకుంటారోనని ఆలోచించాననీ, ఆ ఆలోచనకి పట్టిన రెండు మూడు సెకన్లలో రన్‌వే అయిపోయిందనీ రాసింది. అక్కడి శిక్షకురాలు అది చదివి, క్లాసులో అందరి ముందూ ఈ విషయం మాట్లాడదాం, నీకు ఇష్టమైతేనే, అందట. మాట్లాడారు. జోక్ వేసిన అబ్బాయి, తనూ ఒకసారి అలాగే మొండిగా దిగానని, అదృష్టం కొద్దీ రన్‌వే పొడవుగా ఉందని ఒప్పుకున్నాడట.

ప్రొపెల్లర్ నేలకి కొట్టుకుంటే ఇంజను మొత్తం విప్పి చూడాలట, లోపల ఎక్కడ బీట పడిందో పైకి తెలియదు కాబట్టి. ఆ విమానం చాలా వారాలు షెడ్డులోనే ఉంది. ఈలోగా నేను కూడా కొన్ని విప్పి చూసుకున్నాను. నా స్నేహితురాళ్ళతో ఈ సంగతి చెప్పినప్పుడు, తార్నాకలో మేం నెలకోసారి కలిసే ఇంట్లో, ఒకామె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, పీహెచ్‌డీ మధ్యలో మానేస్తానన్న కూతుర్ని తను ఏమందో చెప్పింది. ఇంకొకామె, కోడలిగా తను మానెయ్యలేకపోయిన వాటి గురించి చెప్పింది. ఆ రోజు మేం పుస్తకం గురించి మాట్లాడనే లేదు.

మూడు వారాల తర్వాత తను మళ్ళీ ఎగిరింది. మొదట శిక్షకురాలితో, తర్వాత ఒంటరిగా. ఆ ఆదివారం ఉదయం ఫోన్ చేసేటప్పటికి నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను. ఉత్తరం వైపు ఆకాశం ఖాళీగా ఉంది, చినుకులు మొదలయ్యాయి.

"ఇవాళ దిగలేదమ్మా," అంది. "గడ్డి తడిగా ఉంది, గాలి కూడా బాగోలేదు. రెండుసార్లు లేచాను, మూడోసారీ లేచి, ఇంక వద్దనుకుని తిరిగొచ్చేశాను. ఒక గంట ఎక్కువైంది."

"సరే," అన్నాను. "అన్నం తిన్నావా?"

గంటకెంత పడిందని అడగలేదు. నోటిదాకా వచ్చింది కానీ.